నల్లరేగడిలో కొత్త రంగు వేసిన ఇల్లు కొంటున్నారా? ముందు కిటికీ మూలలు చూడండి

గుంటూరు శివార్లలో మేం సెప్టెంబరులో ఇండిపెండెంట్ ఇల్లు కొన్నాం. సిమెంట్ ఇటుకల గోడలు, తళతళలాడే కొత్త రంగు. ఏప్రిల్ వచ్చేసరికి పడమటి బెడ్‌రూమ్ కిటికీ మూల నుంచి నేల దాకా మెట్లు మెట్లుగా పగులు దిగింది. రూపాయి బిళ్ల దూరేంత. ఆ గది తలుపు కూడా బిగుసుకుపోయింది.

బిల్డర్‌కి ఫోన్ చేస్తే "కొత్త గోడలు కదండీ, ఎండలకి నెర్రెలిస్తాయి, లప్పం పెట్టించుకోండి" అన్నాడు. అందులో సగం నిజం ఉండడమే మా ఖర్మ. సరిగా ఆరని సిమెంట్ ఇటుకలతో కడితే తర్వాత అవి కుంచించుకుని సన్నటి నిలువు నెర్రెలు వస్తాయి. పిల్లరూ గోడా కలిసేచోట తిన్నగా వచ్చే గీతకీ సాధారణంగా టెన్షన్ పడక్కర్లేదు. ఇటుకల సందుల వెంట మెట్లలా దిగిందంటే మాత్రం ముందు పునాదినే అనుమానించాలి.

తర్వాతి తప్పు నాదే. పదేళ్ల గ్యారంటీ అన్న ఒక కాంట్రాక్టర్‌కి 60 వేలు ఇచ్చాను. గోడకి రంధ్రాలు వేసి ఎపాక్సీ (గట్టిపడే జిగురు) ఎక్కించి, పైన లప్పం, రంగు కొట్టి వెళ్లాడు. పునాది వైపు తొంగి కూడా చూడలేదు. వానాకాలమంతా గోడ బాగానే ఉంది. మళ్లీ ఎండలు ముదిరాక పాత పగులుకి బెత్తెడు దూరంలో కొత్తది! ఎపాక్సీ ఇటుక కంటే గట్టిది, అది విడిపోదు. కదలిక ఆగకపోతే పక్కనున్న ఇటుక తెగుతుంది.

చివరికి రిటైరైన ఇంజినీరు మా బాబాయి వచ్చాడు. పగులుకి అడ్డంగా నాలుగు గాజు ముక్కలు అతికించి, తేదీ రాసి పెట్టాడు. గోడ ఇంకా కదులుతుంటే అవి విరుగుతాయి. మూడు వారాల్లో రెండు విరిగాయి. మూల దగ్గర తవ్విస్తే పునాది మూడడుగులే, పక్కనే బాత్రూం పైపు జాయింటు కారుతోంది. రేగడి తడికి ఉబ్బుతుంది, ఎండకి ముడుచుకుంటుంది. ఒక మూల తడి, మిగతాదంతా పొడి అయితే గోడ ఏం తట్టుకుంటుంది? ఇలాంటి నేలల కోసమే రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ (సీబీఆర్‌ఐ) వాళ్లు ఎప్పుడో అండర్ రీమ్డ్ పైల్స్, అంటే అడుగున ఉబ్బుగా ఉండే లోతైన కాంక్రీటు పునాది స్తంభాలు, తయారుచేశారు. మా బిల్డర్ వాటి జోలికి పోలేదు.

పైపు మార్చి, ఇంటి చుట్టూ బయటికి వాలుగా నాలుగడుగుల గచ్చు వేయించాం. గోడని ముట్టుకోలేదు. ఏడాది పాటు కొత్త గాజు ముక్కలు విరగకపోతేనే ఇటుకల సందులు గీకి, పగులుకి అడ్డంగా ఇనప రాడ్లు పెట్టి కుట్టి, ఇనప జాలీ కొట్టి ప్లాస్టరింగ్ చేయిద్దామన్నాడు బాబాయి.

రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ చట్టం) కింద ఉన్న ప్రాజెక్టయితే, స్వాధీనం చేసిన 5 ఏళ్లలోపు ఇలాంటి లోపం బయటపడితే బిల్డరే 30 రోజుల్లో ఉచితంగా బాగుచేయాలి. కానీ 8 ఇళ్లు మించకపోతే రిజిస్ట్రేషనే అక్కర్లేదు. మాది నాలుగిళ్ల వరస. అగ్రిమెంట్‌లోనూ ఏమీ రాయించుకోలేదు.

మీరు చూడ్డానికి వెళ్తే ఏప్రిల్, మే నెలల్లో వెళ్లండి. ప్రతి తలుపూ తీసి మూయండి. ఇంటి వెనక సందులోకి దూరి చూడండి, రంగు వేసేవాళ్లు అక్కడ శ్రద్ధ పెట్టరు.

మా వరసలో అమ్ముడుపోని నాలుగో ఇంటికి మొన్న మళ్లీ రంగులు వేస్తున్నారు.