మెంతుల వాసన వచ్చే పువ్వు కోసం: కోర్సికా, ప్రొవాన్స్‌లలో పది రోజులు

నేనూ మా వదినా ఆరేళ్లుగా ఇంట్లోనే సబ్బులు, కొవ్వొత్తులు చేసి తెలిసినవాళ్లకి అమ్ముతున్నాం. లావెండర్ నూనె తెప్పించుకోవడమే గానీ ఆ మొక్కను కళ్లతో చూసింది లేదు. ఈసారి జూన్ చివర్లో పది రోజులు వీలు చేసుకుని ఫ్రాన్స్ దక్షిణం వైపు, కోర్సికా ద్వీపానికీ ప్రొవాన్స్ ప్రాంతానికీ వెళ్లొచ్చాం. లావెండర్ కోసమని బయల్దేరాం కానీ మనసుకు పట్టేసినవి మాత్రం కోర్సికా కొండల మీద ఎవరూ నాటకుండా, నీళ్లు పొయ్యకుండా పెరిగే మొక్కలే. అందుకే ఆ నాలుగు రోజుల గురించి ఎక్కువ రాస్తున్నాను.

నీస్‌లో ఓడ ఎక్కితే అయిదారు గంటల్లో కోర్సికాలోని లీల్ రూస్ రేవుకి చేరాం. సీట్లు బాగున్నాయి, తిండి మాత్రం ఖరీదు, శాకాహారులు ఏదో ఒకటి వెంట పెట్టుకోవడం మంచిది. అక్కణ్ణుంచి కారు. హైదరాబాద్‌లోనే ఇంటర్నేషనల్ పర్మిట్ తీసుకున్నాం, గేర్లు లేని కారు కావాలంటే నెలల ముందే బుక్ చెయ్యాలి, అద్దె కూడా ఎక్కువే. బలాన్ ప్రాంతంలో పిన్యా ఊరికి దగ్గర్లో ఒక పెద్దావిడ తన రాతి ఇంట్లో రెండు గదులు అద్దెకిస్తుంది, అక్కడే మూడు రాత్రులు. ఏసీ లేదు, గోడలు మూరెడు మందం కాబట్టి అవసరం పడలేదు. ఆవిడకు ఇంగ్లిష్ రాదు, మాకు ఫ్రెంచ్ రాదు, ఫోన్‌లో అనువదించుకుంటూ మాట్లాడుకున్నాం. వదిన గుడ్డు తినదని తెలిశాక మర్నాటి నుంచి బ్రోచ్చు అనే అక్కడి మెత్తటి జున్నులాంటిది తేనెతో పెట్టింది, నాకేమో అదే బ్రోచ్చు, పుదీనా వేసిన ఆమ్లెట్. మొత్తం యాత్రలో మళ్లీ వెళ్లాలనిపించే బస ఇదొక్కటే.

ఇంటి వెనకాలే కాలిబాట. ఆ పొదల అడివిని అక్కడ మాకీ అంటారు. మనిషి ఎత్తు పొదలు, గట్టి ఆకులు, ముళ్లు, ఎండాకాలమంతా వాన దాదాపు ఉండదు. ఆకులో తడి ఆరిపోకుండా, మేకలు మెయ్యకుండా ఈ మొక్కల్లో చాలావాటికి నూనెలూ జిగురులే రక్ష, మనం చిన్న చిన్న సీసాల్లో కొనుక్కునేదీ అవే. పొద్దున వెళ్తే అంత వాసన లేదు. పదకొండు దాటి బండలు కాలడం మొదలయ్యాక చూడాలి. సిస్టస్ పొద ఆకు ఒకటి పట్టుకున్నాను, బొటనవేలూ చూపుడువేలూ అతుక్కుపోయాయి. ఆ జిగురు గీరి వాసన చూస్తే సాంబ్రాణి, కొత్త తోలు, కొంచెం బెల్లం పాకం. సాయంత్రం సబ్బుతో రెండుసార్లు కడిగినా పోలేదు. ఈ జాతి పొదల జిగురే లాబ్డనమ్, అత్తరుల్లో యాంబర్ అని చెప్పే వెచ్చటి వాసనకి ఆధారం. అరేబియాలో మేకపోతుల గడ్డాలకు అంటుకున్న జిగురు తీస్తారని ప్రాచీన గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్ ఎప్పుడో రాశాడు. క్రీట్ ద్వీపంలోని సిసెస్ ఊళ్లో ఇప్పటికీ తోలు పట్టీలు కట్టిన కర్రతో పొదల మీద కొట్టి జిగురు తీస్తారు. పక్కనే మిర్టిల్ తెల్లగా పూసి ఉంది, అది మన నేరేడు, జామ కుటుంబమే, ఆకు నలిపితే నీలగిరి తైలం గుర్తొస్తుంది.

అసలు కథ ఇమోర్టెల్‌ది. మోకాలి ఎత్తు కూడా లేని బూడిదరంగు మొక్క, కొసన ఆవగింజల గుత్తిలా పసుప్పచ్చటి పువ్వులు, కోసినా రంగు పోదు కాబట్టి 'చావులేనిది' అని ఆ పేరు. మలుపు తిరగ్గానే వదిన ఆగిపోయి, "ఏమే, ఎవరింట్లోనో మెంతులు వేయిస్తున్నారు" అంది. చుట్టుపక్కల ఇల్లే లేదు. వంగి చూస్తే ఈ పువ్వే, వేయించిన మెంతులు, తేనె, ఎండుగడ్డి కలిసిన వాసన.

మర్నాడు పొద్దున్నే ఆ పువ్వు నుంచి నూనె తీసే ఒక చిన్న బట్టీకి వెళ్లాం, ముందు రోజు ఫోన్ చేసి అడిగితే రమ్మన్నారు, డబ్బు తీసుకోలేదు. కొడవళ్లతో పువ్వున్న కొసల్నే కోస్తారు, మొదలు కదపరు, ఆ భూమి ఎవరిదో వాళ్ల అనుమతి ఉండాలి. గిరాకీ పెరిగాక పొలాల్లో నాటడమూ ఎక్కువైందట. టన్ను పువ్వుకి ఒకటి రెండు కిలోల నూనె వస్తే గొప్ప. పెద్ద స్టీలు పాత్రలో పువ్వు కుక్కి కింద నుంచి ఆవిరి పంపిస్తారు, ఆ ఆవిరి చల్లబడి ఒక పొడుగాటి గిన్నెలోకి దిగుతుంది, పైన పసుప్పచ్చటి నూనె పల్చగా తేలుతుంది, అడుగు నుంచి వచ్చేది పన్నీరు, అంటే ఆ పువ్వు వాసన పట్టిన నీళ్లు. ఆ పన్నీరు చేతిలో పోశారు, గోరువెచ్చగా ఉంది, మేమిద్దరం కాసేపు మాట్లాడలేదు. 5 మిల్లీలీటర్ల నూనె ధర ప్రొవాన్స్‌లో 100 మిల్లీలీటర్ల లావెండర్ నూనె కంటే ఎక్కువ. ఆ కోత చూశాక బేరం ఆడబుద్ధి కాలేదు.

తర్వాత ప్రొవాన్స్ వైపు, ముందు గ్రాస్. అత్తరుల తయారీకి పేరున్న ఊరు, అక్కడి పనితనానికి 2018లో యునెస్కో గుర్తింపు కూడా వచ్చింది. 1989లో తెరిచిన అంతర్జాతీయ పెర్ఫ్యూమ్ మ్యూజియానికి మాత్రం పూర్తి సగం రోజు ఇవ్వండి. ఊరు మొదట తోళ్లు ఊనే ఊరనీ, తోలు చేతితొడుగుల కంపు పోగొట్టడానికి మొదలైన పనే ఇంతదైందనీ అక్కడే అర్థమైంది. మ్యూజియం వాళ్ల తోట మూవాన్-సార్తూలో ఉంది, ఆకులు ముట్టుకుని వాసన చూడనిస్తారు, మాకు అదే ఎక్కువ నచ్చింది. ఫ్యాక్టరీల ఉచిత టూర్లు ఒకటి చూస్తే చాలు, చివరికి షాపులోకే తీసుకెళ్తారు. ఇక్కడి జాజి ఆగస్టులో గానీ ఊపందుకోదు, జులై మొదట్లో వెళ్లి పూలతోటలు చూడాలనుకుంటే నిరాశే. ప్రపంచంలో అత్తరులకు వాడే జాజిలో పెద్ద భాగం ఈజిప్టు నుంచీ మన పక్కనున్న తమిళనాడు నుంచీ వస్తుందని తెలిసి సంతోషమేసింది. హోటల్ మాత్రం చేదు అనుభవం. లిఫ్ట్ లేదు, మూడో అంతస్తు, పెట్టెలు మేమే మోశాం, ఏసీ ఉందని రాసి ఫ్యాన్ ఇచ్చారు, అడిగితే డబ్బు వెనక్కి ఇచ్చేది లేదన్నారు. గది ఫొటోలే కాకుండా ఈమధ్య ఉన్నవాళ్లు ఏం రాశారో కూడా చదివి బుక్ చెయ్యండి.

ఫొటోల్లో చూసే ఊదారంగు లావెండర్ సముద్రం వాలెన్సోల్. అందంగానే ఉంది, జనం కూడా అంతే ఉన్నారు, మొక్కల మధ్య కూర్చుని విరిచేస్తుంటే బాధేసింది. అక్కడ ఉండేది చాలావరకు లావాండిన్, అసలు లావెండర్‌కీ ఇంకో రకానికీ పుట్టిన సంకరం, విత్తనం పట్టదు, కొమ్మ నాటే పెంచుతారు. నూనె బాగా ఎక్కువ దిగుతుంది, అందుకే సబ్బుల్లో వాడేది ఎక్కువగా ఇదే. గుర్తుపట్టడం తేలిక. లావాండిన్ కాడకి పెద్ద కంకి కింద పక్కలకు ఇంకో రెండు చిన్నవి ఉంటాయి, నలిపితే కర్పూరం ముక్కుకు కొడుతుంది. అసలుదానికి కాడకి ఒకటే కంకి, వాసన మెత్తగా ఉంటుంది. అది ఎత్తు మీద పెరుగుతుంది, కాబట్టి సో అనే కొండ ఊరికి వెళ్లండి. రెండు రాత్రులున్నాం. జులై మొదటి వారంలో సగమే పూసింది, ఇంకో పది రోజులు ఆగి ఉంటే బాగుండేది. బుధవారం సంత తప్పక చూడాలి, 1515 నుంచీ జరుగుతోంది. నూనె కొనేటప్పుడు హోత్ ప్రొవాన్స్ లావెండర్ అని ఏఓపీ ముద్ర (ఆ ప్రాంతంలో తయారైందనే అధికారిక గుర్తు) ఉందేమో చూసుకోండి.

చివరి మజిలీ సలోన్ ద ప్రొవాన్స్, 1900లో మొదలైన మారియూస్ ఫాబ్ర్ సబ్బుల ఫ్యాక్టరీ. మా వృత్తి వాళ్లకి ఇది గుడి. ఇళ్లంత బానల్లో రోజుల తరబడి ఉడుకుతున్న సబ్బు, కాస్టిక్ సోడా మిగిలిందో లేదో పెద్ద మేస్త్రీ నాలుక మీద పెట్టుకుని చూస్తాడని గైడ్ చెప్పింది, చురుక్కుమంటే ఇంకా కడగాలన్నమాట. సంప్రదాయ మార్సెయ్ సబ్బుకి సెంటూ రంగూ ఉండవు, ఆలివ్ నూనె ఆకుపచ్చే దాని రంగు, మీద 72 శాతం (నూనెల పాలు) అని ముద్ర. మార్సెయ్ బజార్లో రంగురంగుల్లో అదే పేరుతో అమ్మేవి కొనేముందు వెనక రాసిన దినుసులు చదవండి, ఆ పేరు ఎవరైనా వాడుకోవచ్చు. మేం ఆరు కిలోలు కొన్నాం, చెకిన్ సామానులో బరువు దాటి ఎయిర్‌పోర్టులో పెట్టె విప్పి సర్దుకోవాల్సొచ్చింది.

ఇంటికొచ్చాక ఇమోర్టెల్ నూనె మూడు చుక్కలు ఒక చిన్న కొవ్వొత్తిలో వేసి చూశాం. వెలిగించాక గదిలో వాసన దాదాపు రాలేదు, మైనం వేడికి పోయినట్టుంది. వదిన మిగతాది సబ్బు మీద ప్రయోగం చెయ్యనివ్వకుండా దాచేసింది. అప్పుడప్పుడూ మూత తీసి వాసన చూసి మళ్లీ పెట్టేస్తుంది.