హనుమకొండలో చెల్లె కాన్పు: లేబర్ రూమ్‌కు ఐదు స్టార్లు, పిల్లల వార్డుకు రెండే

పరకాల నుంచి మా చెల్లెను కాన్పుకు హనుమకొండలో ఒక ప్రైవేట్ హాస్పిటల్‌కు తీసుకొచ్చాం. లోపాలు కూడా రాస్తున్నాను కాబట్టి పేరు పెట్టట్లేదు. రూములు, క్యాంటీన్, లిఫ్టు బాగానే ఉన్నాయి. నేను చెప్పాలనుకున్నది మాత్రం అక్కడి డాక్టర్లు, సిస్టర్లు ఒకరితో ఒకరు ఎట్లా మాట్లాడుకున్నారన్నది, ఎందుకంటే మా చెల్లె క్షేమంగా బయటపడింది దానివల్లనే అని గట్టిగా నమ్ముతున్నాను.

తనకు ఎనిమిదో నెల నుంచే బీపీ ఎక్కువ, లాబెటలాల్ గోలీలు వాడుతోంది. రాత్రి డ్యూటీ సిస్టర్ పొద్దున దిగిపోయేముందు కొత్తగా వచ్చిన సిస్టర్‌ను మంచం దగ్గరికే తీసుకొచ్చింది. బీపీ ఎంత, చివరి గోలీ ఎప్పుడు వేశారు, గర్భసంచి ముఖద్వారం ఎన్ని సెంటీమీటర్లు ఓపెన్ అయింది, బిడ్డ గుండె ఎట్లా కొట్టుకుంటోంది, అన్నీ మా ముందే చెప్పి, "నేనేమన్న మర్చిపోయిన్నా అమ్మా?" అని చెల్లెనే అడిగింది. అప్పుడు చెల్లె తెల్లవారుజాము నుంచి తలనొప్పిగా ఉందని చెప్పింది, అప్పటిదాకా నాకు కూడా చెప్పలేదు. బీపీ ఉన్న గర్భిణికి తలనొప్పి ఫిట్స్‌కు ముందు గుర్తు కావచ్చట, వెంటనే డాక్టరమ్మకు ఫోన్ చేసి మళ్లీ బీపీ చూసి మందు మార్చారు.

కాన్పు మామూలుగానే అయింది కానీ గర్భసంచి గట్టిపడక రక్తం ఎక్కువ పోయింది. నన్ను లోపల ఉండనిచ్చారు, చెయ్యి పట్టుకుని తల దగ్గర నిలబడ్డాను. డ్యూటీ డాక్టర్ ఆ హడావిడిలో మెథర్జిన్ తెమ్మంది. సీనియర్ సిస్టర్ అందరికీ వినపడేటట్టు "మేడం, ఈ అమ్మాయికి బీపీ ఉంది" అంది. డాక్టర్ ఏమాత్రం చిరాకు పడకుండా "అవును, వద్దు, ఆక్సిటోసిన్ డ్రిప్ పెంచండి" అంది. రెండూ గర్భసంచిని గట్టిపరిచే మందులే, కానీ మెథర్జిన్ బీపీని ఇంకా పెంచుతుంది, అందుకే అట్లాంటివాళ్లకు ఇవ్వరు. ఆ తర్వాత ఒక సిస్టర్ రక్తం ఆగడానికి మందు ఇచ్చి "ట్రానెగ్జామిక్ యాసిడ్ ఒక గ్రాము ఇచ్చాను" అని పైకి చెప్పడం, ఇంకో సిస్టర్ టైమ్ చూసి రాసుకోవడం, మరొకరు పొట్ట మీద మర్దన చేస్తూనే ఉండడం. ఒక్కరు కూడా అరవలేదు. పెద్ద డాక్టర్ వచ్చేసరికి ఏం జరిగిందో రెండు ముక్కల్లో చెప్పగలిగారు.

ఇక పిల్లల వార్డు. పాపకు ఆయాసంగా ఉందని పైకి తీసుకెళ్లారు, అది కూడా మాకు తర్వాత తెలిసింది. పై సిస్టర్‌ను అడిగితే డాక్టర్‌ను అడగమంది, పిల్లల డాక్టర్‌ను అడిగితే "మీ గైనిక్ మేడం చెప్తది" అన్నాడు, మేడంకేమో పాప పైన ఉన్న సంగతే తెలియదు! బాలింత ఏడుస్తుంటే మా బావ మెట్లెక్కుతూ దిగుతూ ఉన్నాడు. పాప బాగానే ఉంది, వైద్యంలో లోపం లేదు. కానీ ఒక్క మనిషి వచ్చి ఒక్క మాట చెప్తే ఆ టెన్షన్ ఉండేది కాదు, పాలు పట్టడం కూడా అంత ఆలస్యమయ్యేది కాదు.

డిశ్చార్జ్ అయిన రోజు కూడా ఇంతే. జాగ్రత్తలన్నీ ఇంగ్లిష్ కాగితం మీద రాసి బిల్లు కౌంటర్‌లో ఇచ్చేశారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో తెచ్చిన కాన్పు చెక్‌లిస్ట్‌లో 29 అంశాలుంటే, ఇంటికి పంపేముందు తల్లికి ప్రమాద సంకేతాలు చెప్పడం అందులో ఒకటి. నేను పట్టుబట్టాక లేబర్ రూమ్ సిస్టరే వచ్చి, రక్తస్రావం, జ్వరం, తలనొప్పి, చూపు మసకబారడం, ఏది కనపడినా ఆగకుండా రమ్మని తెలుగులో చెప్పింది.

ఎక్కడ చేర్పించినా ముందే రెండు అడగండి: డ్యూటీ మారేటప్పుడు మంచం దగ్గరే అప్పజెప్తారా, కాన్పప్పుడు తోడు ఒకరిని ఉండనిస్తారా. సర్కారు దవాఖానల లేబర్ రూమ్‌ల కోసం 2017లో మొదలైన 'లక్ష్య' కార్యక్రమంలో కూడా తోడు మనిషి మాట ఉంది, కాబట్టి అక్కడ కూడా మొహమాటం లేకుండా అడగవచ్చు.