హొసకోట ఎరువుల అంగళ్లు: ఇరవై ఏళ్లకు పైగా కొంటున్న రైతు సమీక్ష

మాది బెంగళూరు పక్కన హొసకోట తాలూకా. టమాటా, మిరప, కొంచెం రాగి పండిస్తాం. విత్తనం, ఎరువు, మందు ఏది కావాలన్నా హొసకోట అంగళ్లకే పోతాం, అప్పుడప్పుడు మాలూరుకు. ఇన్నేళ్లలో సరుకు చాలా మారింది. అంగడాయనకూ రైతుకూ మధ్య లెక్క అంతకంటే ఎక్కువ మారింది.

మునుపు లోపల అడుగు పెడితే చాలు, ఫోరేట్ అనే పురుగుమందు గుళికల ఘాటు ముక్కుకు కొట్టేది. ఏ పురుగని చెప్పినా ఎండోసల్ఫాన్ చేతికిచ్చేవాళ్లు. అది కొట్టిన రోజు కూలీలకు తలనొప్పి, వాంతులు మామూలే అనుకునేవాళ్లం. 2011లో సుప్రీంకోర్టు ఎండోసల్ఫాన్‌ను ఆపించింది. ఫోరేట్ 2020 చివర్లో పోయింది. ఈ రెండూ పోయినందుకు నాకు చాలా సంతోషం.

యూరియాకు 2015 నుంచి వేపపూత వచ్చింది. 2018లో మూట 50 కిలోల నుంచి 45కి తగ్గింది, ఆ రోజుల్లోనే వేలిముద్ర తీసుకుని బిల్లు కొట్టే పీవోఎస్ మిషన్ కూడా పెట్టారు. మట్టిలో అరిగిన వేళ్లకు ముద్ర ఒక పట్టాన పడదు. మా అమ్మ కొంగుతో వేలు తుడుచుకుని మళ్లీ మళ్లీ పెట్టాలి. అయినా మిషన్ బిల్లు చేతికొస్తుంది, మూట ధర 266 రూపాయల 50 పైసలని అందరికీ తెలుసు. ఒక అంగడిలో మాత్రం నానో యూరియా (ఆకుల మీద కొట్టే ద్రవ యూరియా) సీసా కూడా కొంటేనే మూట ఇస్తామన్నారు. ఇది అన్యాయం. ఆ అంగడికి మళ్లీ పోలేదు.

అసలు మార్పు అప్పు దగ్గర వచ్చింది. మునుపు పంట అమ్మాక కడతామంటే పుస్తకంలో రాసుకునేవాళ్లు. వడ్డీ పేరెత్తేవాళ్లు కాదు, అది సీసా ధరలోనే కలిసిపోయేది. బాకీ ఉన్నవాడు “ఇది వద్దు, వేరే కంపెనీది ఇవ్వన్నా” అని అడగలేడు. ఇప్పుడు ఫోన్‌లో డబ్బు కొడుతున్నా కాబట్టి గడువు తేదీ, లేబుల్ మీద విషం ఎంత ఘాటో చెప్పే త్రికోణం రంగు చూసి, నచ్చకపోతే పక్క అంగడికి పోతున్నా. కానీ చేతిలో డబ్బు లేని చిన్న రైతుకు ఆ పుస్తకమే దిక్కు. అప్పులు తగ్గించేశారని వాళ్లు వాపోతుంటే బాధగా ఉంటుంది.

సలహా విషయంలో అంగడికీ అంగడికీ చాలా తేడా. మిరపకు నల్ల తామరపురుగు వచ్చినప్పుడు పూలు కవర్లో వేసుకుని పోయా. ఒకచోట కుర్రాడు కవరు విప్పకుండానే నాలుగు సీసాలు బల్ల మీద పెట్టాడు. ఇంకోచోట అంగడాయన తెల్ల కాగితం పరిచి, దాని మీద పువ్వును తట్టాడు. నువ్వు గింజలో సగం కూడా లేని నల్ల పురుగులు గబగబా పరిగెత్తాయి. “అన్నా, ఒకే మందు వరసగా కొట్టొద్దు. ముందు నీలం జిగురు అట్టలు కట్టు” అన్నాడు. హైదరాబాద్‌లో వ్యవసాయ శిక్షణ ఇచ్చే మేనేజ్ సంస్థ డీలర్లకు నడిపే ఏడాది డిప్లొమా చదివాడట. ఇప్పుడు నా కొనుగోళ్లు ఎక్కువగా అక్కడే.

విత్తనాల అర చిన్నదైపోయింది, 98 గుంటల ప్రోట్రేలలో (ప్లాస్టిక్ నారు ట్రేలు) పెంచిన నారు నర్సరీ నుంచే వస్తోంది. హెసరఘట్టలోని ఉద్యాన పరిశోధన సంస్థ ఐఐహెచ్‌ఆర్ వాళ్ల సూక్ష్మపోషకాల మిశ్రమం, అర్క వెజిటబుల్ స్పెషల్, ఈ అంగళ్లలో నాకు దొరకలేదు, అక్కడికే పోయి తెచ్చుకుంటున్నా.

కొత్తగా సాగులోకి దిగేవాళ్లు లాట్ నంబరు రాసిన పక్కా బిల్లు అడగండి. బిల్లు, ఖాళీ ప్యాకెట్ పంట చేతికొచ్చేదాకా దాచండి. విత్తనం మొలవకపోతే వ్యవసాయ శాఖ వాళ్ల రైతు సంపర్క కేంద్రంలో చూపించడానికి అవే ఆధారం.