గల్ఫ్ నుంచి ఆయన వచ్చినాక: నమ్మకం, కండోమ్, పరీక్ష... ఏది మేలు?

జగిత్యాల, కరీంనగర్, నిజామాబాద్ దిక్కు చాలా ఊళ్లలో భర్త రెండు, మూడేళ్లకోసారి గల్ఫ్ నుంచి ఇంటికొస్తాడు. అప్పుడు ఆ ఇద్దరినీ సుఖవ్యాధుల నుంచి ఏది కాపాడుతుంది?

మనవాళ్లు మొదట చెప్పేది, ఒక్కరితోనే ఉండమని. అది గట్టి రక్షణే. కాకపోతే ఇద్దరూ పాటించాలి, ఇద్దరికీ ముందునుంచే ఏ ఇన్ఫెక్షన్ లేదని తేలి ఉండాలి. ఇక్కడ ఇంటిపట్టున ఉన్న ఆమె ఎంత నియమంగా ఉన్నా, అక్కడ ఆయన తప్పితే ఆ నియమం ఆమెను కాపాడదు. నన్ను బాధపెట్టేది ఇదే. గనేరియా, క్లమీడియా అనే సుఖవ్యాధులు చాలామంది ఆడవాళ్లలో ఏ లక్షణమూ చూపవు. లోపల గర్భనాళాలు దెబ్బతిని, పిల్లలు కాకపోతే నింద మళ్లీ ఆమె మీదే పడుతుంది.

మరి పరీక్ష? హెచ్‌ఐవీ సోకిన వెంటనే పరీక్షలో కనపడదు. అనుమానం ఉన్న కలయిక తర్వాత మూడు నెలలకు నెగెటివ్ వస్తే ధీమాగా ఉండొచ్చు. వీసా కోసం చేయించిన మెడికల్‌లో ఫిట్ అని వచ్చిందంటే, అది ఆ రోజు మాట. సిఫిలిస్, హెపటైటిస్ బీకి వేరే పరీక్షలు అడిగి చేయించుకోవాలి.

కండోమ్ ప్రతిసారీ, మొదటి నుంచి చివరిదాకా వాడితే హెచ్‌ఐవీ, గనేరియా, క్లమీడియాను బాగా అడ్డుకుంటుంది. చర్మం తగిలితే అంటుకునే హెర్పిస్, హెచ్‌పీవీ వైరస్‌ల విషయంలో రక్షణ కొంత తక్కువ. అసలు చిక్కు ఆ మాట ఎత్తడంలో ఉంది. "నా మీద నమ్మకం లేదా?" అంటాడేమోనని ఆమెకు టెన్షన్. "ఇప్పుడే ఇంకో బిడ్డ వద్దు" అని మొదలుపెడితే చాలా ఇళ్లలో గొడవ రాదు. ఆయనే ముందుగా తెచ్చుకుంటే ఆమెకు ఆ తిప్పలు కూడా ఉండవు. నిరోధ్ ప్రభుత్వ దవాఖానాల్లో ఉచితం.

నన్నడిగితే మొదటి మూడు నెలలు కండోమే మేలు. తర్వాత ఇద్దరూ కలిసి పరీక్షకు పోవాలి. నమ్మకం ఆ తర్వాత లెక్కకొస్తుంది. వరంగల్ ఎంజీఎంలాంటి పెద్ద దవాఖానాల్లోని ఐసీటీసీలో, అంటే ప్రభుత్వ కౌన్సెలింగ్, పరీక్షా కేంద్రంలో, హెచ్‌ఐవీ పరీక్ష ఉచితం. అనుమతి లేకుండా పరీక్ష చేయకూడదని, ఫలితం బయటపెట్టకూడదని 2017 నాటి హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టం చెబుతోంది. అడగడానికి సిగ్గయితే ఎయిడ్స్ హెల్ప్‌లైన్ 1097కు ఫోన్ చేయొచ్చు, పైసా ఖర్చు లేదు.

గర్భిణులకు హెచ్‌ఐవీ, సిఫిలిస్ పరీక్షలు ఎలాగూ చేస్తారు. చాలామంది ఆడవాళ్లకు అదే మొదటి పరీక్ష. ఆ రోజు తోడొచ్చిన భర్త బయట బెంచీ మీద కూర్చోకుండా, తనూ రక్తం ఇచ్చి రావాలి.