వెతకడానికి పది మార్కులు, సర్దడానికి నాలుగు

యూట్యూబ్‌లో సేవ్ చేసుకున్న వీడియోల్లో కావలసింది వెతకడానికీ, ప్లేలిస్టులు సర్దుకోవడానికీ ఒక బ్రౌజర్ ఎక్స్‌టెన్షన్ (బ్రౌజర్‌కి తగిలించుకునే చిన్న ప్రోగ్రామ్) చాలాకాలంగా వాడుతున్నాను. పేరు చెప్పడం లేదు. ఇలాంటివి స్టోర్‌లో బోలెడు ఉన్నాయి, నేను చెప్పే మంచీ చెడూ ఎంతో కొంత అన్నిటికీ వర్తిస్తాయి.

ముందు వెతుకులాట సంగతి. యూట్యూబ్‌లో ఒక్క ప్లేలిస్టులోనే 5,000 వీడియోల దాకా పెట్టుకోవచ్చు. కానీ ఆ పేజీ తెరిచి కంట్రోల్ ఎఫ్ కొడితే అప్పటిదాకా లోడైన వీడియోల్లోనే వెతుకుతుంది, లోడయ్యేదేమో విడతకి వంద. మిగతావి రావాలంటే కిందకి తోసుకుంటూ పోవాలి, అప్పుడు మళ్లీ కంట్రోల్ ఎఫ్. ఎక్స్‌టెన్షన్ అలా కాదు, మన లిస్టులన్నిటినీ ఒకసారి చదివి టైటిళ్లు, ఛానెల్ పేర్లు, నిడివి తన దగ్గర రాసి పెట్టుకుంటుంది, అందుకే మనం రెండు అక్షరాలు కొట్టేసరికి ఏ వీడియో ఏ లిస్టులో ఉందో చూపించేస్తుంది. నాకు ఎక్కువ పనికొచ్చింది మాత్రం నిడివి ఫిల్టర్. టైటిల్ ఎవరికి గుర్తుంటుంది? "ఫలానా ఛానెల్‌ది, అరగంట పైనే ఉంటుంది" అన్నంతవరకే గుర్తుంటుంది, దానికి అది చాలు. ఒకే వీడియో మూడు లిస్టుల్లో ఉంటే అదీ చెబుతుంది.

లోటు ఎక్కడంటే డిస్క్రిప్షన్‌లో వెతకదు, వీడియోలో మాట్లాడిన మాటల్లో అసలే వెతకదు. తెలుగు టైటిళ్లతో ఇంకో చిక్కుంది. 'సాఫ్ట్‌వేర్' లాంటి మాటల మధ్యలో కంటికి కనిపించని ఒక అక్షరం ఉంటుంది, వత్తు కిందకి చేరకుండా ఆపేది అదే. టైటిల్ రాసినవాళ్లు దాన్ని పెట్టి, మనం పెట్టకుండా కొడితే (లేదా అటుది ఇటైతే) రెండూ వేరు మాటలని అనుకుని "ఏమీ దొరకలేదు" అంటుంది. అందుకని మాట మొత్తం కొట్టకుండా 'సాఫ్ట్' దాకా కొట్టి ఆపేస్తాను. ఇక సగం తెలుగు వీడియోల టైటిళ్లు ఇంగ్లీషు అక్షరాల్లోనే ఉంటాయి కాబట్టి రెండు లిపుల్లోనూ ఒకసారి కొట్టి చూడటం అలవాటైపోయింది.

సర్దడం దగ్గరికొచ్చేసరికి కథ మారిపోతుంది. ఫోల్డర్లు, ట్యాగులు, రంగులు అన్నీ ఇచ్చారు, చూడటానికి బావుంటాయి, కానీ ఆ సర్దుడంతా మన యూట్యూబ్ అకౌంట్‌లో జరగదు, ఎక్స్‌టెన్షన్ మన బ్రౌజర్‌లో విడిగా రాసుకునే లెక్కలో జరుగుతుంది. దీనికి కారణం ఉంది. యూట్యూబ్ బయటి ప్రోగ్రాములకి తన డేటా అందించే దారిని ఏపీఐ అంటారు, అందులో మామూలుగా ఒక ప్రాజెక్టుకి (అంటే ఒక ఎక్స్‌టెన్షన్ వాడేవాళ్లందరికీ కలిపి) రోజుకి 10,000 యూనిట్ల కోటా. లిస్టు చదవడానికి 50 వీడియోలకి ఒక్క యూనిట్ చాలు. అదే ఒక వీడియోని లిస్టులో చేర్చాలంటే 50 యూనిట్లు, తీసేయాలంటే మరో 50. అంటే ఒక వీడియోని ఈ లిస్టులోంచి ఆ లిస్టులోకి మార్చితే వంద యూనిట్లు పోయినట్టే, ఆ లెక్కన వాడేవాళ్లందరూ కలిసి రోజుకి వంద మార్పులు చేస్తే కోటా ఖాళీ. ఎక్కువ కోటా కోసం దరఖాస్తు పెట్టుకోవచ్చు గానీ చిన్న డెవలపర్లకి అదో పెద్ద పని. అందుకే చదవడంలో పులి, మార్చడంలో పిల్లి. వాచ్ లేటర్‌ని (తర్వాత చూద్దామని పక్కన పెట్టుకునే లిస్టుని) అయితే 2016 నుంచి ఏపీఐ ద్వారా అసలు చదవనివ్వడం లేదు, కాబట్టి దాన్ని చూపించే ఎక్స్‌టెన్షన్లు తెరిచిన పేజీలోంచే వివరాలు ఏరుకుంటాయి, సైట్ డిజైన్ మారిన ప్రతిసారీ అప్‌డేట్ వచ్చేదాకా అవి మూగబోతాయి.

కాబట్టి నా సలహా, ట్యాగులు పెట్టడానికి ఆదివారాలు ధారపోయకండి. ఎక్స్‌టెన్షన్ తీసేస్తే క్రోమ్ దాని లోకల్ డేటా కూడా తుడిచేస్తుంది, తర్వాత మళ్లీ పెట్టుకున్నా ఫోల్డర్లు తిరిగి రావు. సింక్ ఉందిగా అంటారేమో, క్రోమ్ ఎక్స్‌టెన్షన్లకి ఇచ్చే సింక్ స్టోరేజీ సుమారు 100 కేబీ, వేలల్లో వీడియోలకి ట్యాగులు పెడితే ఏ మూలకీ సరిపోదు. ఎక్స్‌పోర్ట్ బటన్ లేని ఎక్స్‌టెన్షన్‌లో ఒక్క ఫోల్డర్ కూడా చేయకండి.

నన్ను దీనికి కట్టిపడేసింది ఇంకొకటి, పెట్టుకునేటప్పుడు నేను ఊహించనిది. వీడియో డిలీట్ అయినా, ప్రైవేట్ అయినా ప్లేలిస్టులో దాని పేరు మాయమైపోతుంది, అక్కడ చూసి అది ఏ వీడియోనో తెలుసుకోలేం. గూగుల్ టేకవుట్‌లో (మన డేటాని దింపుకోనిచ్చే గూగుల్ సేవలో) లిస్టు దింపుకున్నా వచ్చేది పదకొండు అక్షరాల వీడియో ఐడీ, చేర్చిన సమయం, అంతే. నేను వాడేదాంట్లో పాత టైటిల్, ఛానెల్ పేరు అలాగే ఉండిపోతాయి, పైన ఒక గీత కొట్టేసి ఉంటుంది. ఆ పేరుతో వెతికితే అదే పాఠమో, పాత ఇంటర్వ్యూనో ఇంకెవరో ఎక్కించి ఉండటం చాలాసార్లు చూశాను. ఈ ఒక్కదానికోసం పెట్టుకున్నా తప్పు లేదంటాను. కొన్ని ఎక్స్‌టెన్షన్లు మాత్రం లిస్టుల్ని మళ్లీ చదవగానే పాత పేరుని చెరిపేస్తాయి, ముందే ఒక చిన్న లిస్టు మీద పరీక్షించుకోండి.

పర్మిషన్ల దగ్గర కాస్త జాగ్రత్త. ఆ ఒక్క వీడియో సైట్‌లో డేటా చదువుతానంటే సరే, అన్ని వెబ్‌సైట్లూ కావాలంటే ఎందుకో అడగాల్సిందే. ఎక్స్‌టెన్షన్లు చేతులు మారుతుంటాయి, అప్‌డేట్లు వాటంతటవే వచ్చేస్తాయి. కొత్తగా పెద్ద పర్మిషన్ ఏదైనా అడిగితే మనం ఒప్పుకునేదాకా క్రోమ్ దాన్ని ఆపి ఉంచుతుంది, ఆ మెసేజ్‌ని చదవకుండా సరే కొట్టేయకండి.

ఫోన్లో ఆశ పెట్టుకోవద్దు. ఆండ్రాయిడ్ క్రోమ్‌లో ఎక్స్‌టెన్షన్లు పెట్టుకునే వీల్లేదు. ఫైర్‌ఫాక్స్‌లో 2023 డిసెంబర్ నుంచి గేట్లు తెరిచారు గానీ నేను వాడేది అంత చిన్న స్క్రీన్ మీద ఇరుకుగానే ఉంటుంది.

ఇక డబ్బు కట్టే వెర్షన్‌లో వచ్చేవి ఎక్కువ ఫోల్డర్లు, థీములు, ఆటోమేటిక్ బ్యాకప్. మొదటి రెండింటికీ నేనైతే పైసా ఇవ్వను. బ్యాకప్ కోసమే కడుతున్నాను, అది కూడా ఫైల్‌ని నా డ్రైవ్‌లోనే పెడుతుంది కాబట్టి.