మోయాబ్‌లో మండుటెండ వేళ మమ్మల్ని ఆదుకున్న లైబ్రరీ

2024 జూన్‌లో అమ్మానాన్నలు, ఏడేళ్ళ పాపతో కలిసి డెన్వర్ నుంచి యూటా రాష్ట్రంలోని మోయాబ్ వెళ్ళాం, కారులో ఐదున్నర గంటలు. ఊరి పక్కనే ఉన్న ఆర్చెస్ నేషనల్ పార్క్ గురించి రాసినవాళ్ళు బోలెడుమంది. పెద్దవాళ్ళని వెంటబెట్టుకుని మిట్టమధ్యాహ్నం ఎక్కడ కూర్చోవాలో మాత్రం నాకెక్కడా కనపడలేదు.

తప్పు నాదే. నాలుగు డబ్బులు కలిసొస్తాయని రెండో రాత్రికి వేరే మోటెల్ బుక్ చేశా. మొదటిది 11కల్లా ఖాళీ చేయాలి, రెండోదాంట్లో 4 గంటలకి గానీ గది ఇవ్వరు, ముందే కావాలంటే ఇంకో 40 డాలర్లట (ఆ డబ్బుతో మొదటిచోటే ఉండిపోయేవాళ్ళం). పోనీ ఆర్చెస్‌కి వెళ్దామంటే ఆ ఏడాది ఉదయం 7 నుంచి సాయంత్రం 4 దాకా లోపలికి పోవడానికి ముందే టైమ్ స్లాట్ తీసుకోవాలి, మాకు దొరకలేదు. బయట 38 డిగ్రీలు. కారు నిండా సామాన్లు.

మెయిన్ స్ట్రీట్‌కి కాస్త లోపలగా, ఈస్ట్ సెంటర్ స్ట్రీట్‌లో గ్రాండ్ కౌంటీ పబ్లిక్ లైబ్రరీ ఉందని మా ఆవిడ ఫోన్లో చూసి చెప్పింది. కౌంటీ మొత్తం జనాభా పదివేలు లేదు, ఏముంటుందిలే అనుకుంటూనే వెళ్ళా. 2007లో అమెరికాలోకెల్లా ఉత్తమ చిన్న లైబ్రరీగా లైబ్రరీ జర్నల్ అనే పత్రిక ఎంపిక చేసింది దీన్నేనని తర్వాత తెలిసింది.

నాన్న బూట్లకున్న ఎర్రమట్టి చూసుకుని మొహమాటంతో గుమ్మం దగ్గరే ఆగిపోయారు. "ఈ ఊళ్ళో అందరి బూట్లూ అంతే, లోపలికి రండి" అంది డెస్క్ దగ్గరున్నావిడ. ఏసీ, చల్లటి నీళ్ళు, శుభ్రమైన బాత్రూమ్, వైఫై, దేనికీ పైసా అడగలేదు. పాప బోర్లా పడుకుని డైనోసార్ల పుస్తకం తెరిచింది, అమ్మ ఆ పక్క కుర్చీలోనే కునుకేసింది. పంచాయతీ ఆఫీసులో పనిచేసి రిటైరైన నాన్న అయితే ఊళ్ళో వచ్చే టైమ్స్-ఇండిపెండెంట్ వారపత్రిక పట్టుకుని కదిలితే ఒట్టు. మధ్యలో ఒకసారి తలెత్తి, "మనమూ ఇంటి పన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు కడతాం కదరా, అదంతా ఎటు పోతుందంటావ్?" అన్నారు. నేనేం చెప్తాను!

4 దాటాక గదిలో సామాన్లు పడేసి స్లాట్ గొడవ లేకుండా ఆర్చెస్‌కి బయల్దేరాం. 191 రోడ్డు పక్కన మట్టిదిబ్బ కనపడగానే నాన్న గైడ్ అయిపోయారు. పాత యురేనియం మిల్లు వదిలేసిన 1.6 కోట్ల టన్నుల వ్యర్థాలట, అప్పట్లో వాటిని కొలరాడో నది పక్కనుంచి తీసి 30 మైళ్ళ అవతలికి రైల్లో తోలుతూ ఉన్నారట. పార్కులో డెలికేట్ ఆర్చ్ అనే రాతి తోరణం దగ్గరికి నడక రానూపోనూ 3 మైళ్ళు, నీడన్నది లేదు. అమ్మానాన్నలు కింది వ్యూపాయింట్ నుంచే చూశారు, పెద్దవాళ్ళకి అది చాలు.

రెండో మోటెల్ గది పర్వాలేదు, పొద్దున టిఫిన్ మాత్రం ప్యాకెట్ మఫిన్లే. తిరుగు ప్రయాణంలో లైబ్రరీ దగ్గర మళ్ళీ అరగంట ఆగాల్సొచ్చింది, పాప డైనోసార్ పుస్తకం సగంలో ఉందిగా.