నాలుగు అరల డిస్కు పెట్టె: ఎనిమిదేళ్ల వాడకం తర్వాత

మా ఇంట్లో ఈ సామాను పోగుపడటం అక్క పెళ్లి క్యాసెట్లతో మొదలైంది. మినీ డీవీ క్యాసెట్‌ను కంప్యూటర్‌లోకి ఎక్కిస్తే గంట వీడియోకు దాదాపు 13 గిగాబైట్లు. ఆపైన పిల్లల ఫొటోలు, నాన్నగారు రికార్డు చేసుకున్న హరికథలు. విడి హార్డ్ డిస్కులు ఐదు, అడాప్టర్లు ఐదు, ఏది ఎందులో ఉందో ఎవరికీ తెలియదు. అందుకే 2017లో యూఎస్‌బీ తీగతో కంప్యూటర్‌కు తగిలించే, నాలుగు డిస్కులు పట్టే పెట్టె కొన్నాను. ఇంట్లో ఉన్నది ఒకే కంప్యూటర్ కనుక ఇంట్లో కంప్యూటర్లన్నీ పంచుకునేలా నెట్‌వర్క్‌కు తగిలించే నాస్ అనే రకం పెట్టె జోలికి పోలేదు.

అప్పుడు నేను మురిసిపోయింది అట్టపెట్టె మీది ‘రెయిడ్ 5’ అన్న మాట చూసి. రెయిడ్ అంటే కొన్ని డిస్కులను కలిపి ఒకే డిస్కులా వాడే పద్ధతి. నాలుగేసి టెరాబైట్ల డిస్కులు నాలుగు పెడితే 12 టెరాబైట్లు వాడుకోవచ్చు, ఒక డిస్కు చెడినా సమాచారం పోదు. నిజమే. కానీ డిస్కు పోతే సంగతేమిటని ఆలోచించానే తప్ప పెట్టే పోతే ఏమిటని ఆలోచించలేదు. 2021 వేసవిలో లోపలి బోర్డు కాలిపోయింది. డిస్కులు నాలుగూ నిక్షేపంగా ఉన్నాయి. తీసి కంప్యూటర్‌కు తగిలిస్తే, కొత్త డిస్కులేమో అనుకుని సిద్ధం చేయమంటారా అని విండోస్ అడిగింది. పెట్టె ప్రతి ఫైలునూ ముక్కలు చేసి, తన లెక్క ప్రకారం నాలుగింటిలో సర్దింది మరి. ఆ లెక్క దానికే తెలుసు. కంపెనీకి ఫోను చేస్తే ఆ మోడల్ ఆపేశామన్నారు. మూడు వారాలు వెతగ్గా అదే మోడల్ పాతది ఒకటి దొరికింది. డిస్కులను మునుపటి వరుసలోనే దూర్చి స్విచ్ వేశాను. ఫోల్డర్లు కనిపించేదాకా నా ప్రాణం నాలో లేదు. ఆరు టెరాబైట్లు బయటికి తీయడానికి దాదాపు 12 గంటలు పట్టింది.

రెండో పెట్టె కొన్నప్పుడు రెయిడ్ లేనిదే కావాలని అడిగాను. దుకాణంలో అబ్బాయి జాలిగా చూశాడు. ఇందులో ఏ డిస్కుకు ఆ డిస్కే. తీసి ఏ కంప్యూటర్‌కు పెట్టినా చదువుతుంది. పది టెరాబైట్లవి రెండు: ఒకటి అసలు, రెండోదానికి రోజూ రాత్రి నకలు. మూడో అరలో అప్పటికప్పటి పనులకు చిన్న డిస్కు.

వేగం గురించి ఎక్కువ ఖర్చు పెట్టకండి. తిరిగే హార్డ్ డిస్కు సెకనుకు 250 మెగాబైట్లు ఇస్తే గొప్ప. ఒకటో రెండో నడిపేవారికి 5 గిగాబిట్ల యూఎస్‌బీ చాలు.

దానికన్నా స్విచ్ చూడండి. నొక్కి వదిలే బటన్ ఉన్న పెట్టెలు కొన్ని కరెంటు పోయి వచ్చాక వాటంతట అవి వెలగవు. నా రెండో పెట్టెది అదే జబ్బు. విజయవాడ వేసవిలో రాత్రి కరెంటు పోయి రావడం, కంప్యూటర్ తిరిగి లేవడం, పెట్టె మాత్రం పడుకునే ఉండటం. అలా పదకొండు రోజులు నకలు జరగలేదని ఆలస్యంగా తెలిసింది. ఇప్పుడు దాన్ని యూపీఎస్‌కు కలిపాను. మళ్లీ కొంటే గోడ స్విచ్‌లా అటోఇటో నిలిచే స్విచ్ ఉన్నదే కొంటాను.

ఇంకో చికాకు: ఇది డిస్కుల సీరియల్ నంబర్లను కంప్యూటర్‌కు చూపదు. రెండు పెద్ద డిస్కులూ ఒకే పేరుతో కనిపిస్తాయి. ఒకసారి ఒకదానిలో చెడ్డ సెక్టార్లు, అంటే చదవలేని చోట్లు, వచ్చినప్పుడు ఏది దోషో తేలక రెండూ బయటికి లాగాల్సివచ్చింది. ఇప్పుడు ప్రతి ట్రే మీదా కాగితం అంటించి, నంబరులో చివరి నాలుగంకెలు రాసిపెట్టాను.

ఫ్యాను మూడో ఏడు గరగరలాడింది. 80 మిల్లీమీటర్ల మామూలు ఫ్యానే, స్క్రూలు విప్పి నేనే మార్చాను. వెనుక జాలీకి పట్టిన దుమ్ము ఉన్నిలా పేరుకుపోయింది, బ్రష్‌తో దులిపితే డిస్కుల వేడి 51 డిగ్రీల నుంచి 44కు దిగింది. చెక్క బల్ల మీద బొయ్‌మనే మోత మాత్రం పాత హవాయి చెప్పు అడుగు కోసి నాలుగు ముక్కలు కాళ్ల కింద పెట్టాకే తగ్గింది. కళ్లలో గుచ్చే నీలి దీపాలకు మా ఆవిడ నల్ల బొట్టు బిళ్లలు అతికించింది.

మూడో ప్రతి గుంటూరులో అక్క బీరువాలో ఉంటుంది. సంక్రాంతికి, దసరాకు వెళ్లినప్పుడు డిస్కు మార్చి తెస్తాను. పెట్టెలో నాలుగో అర ఖాళీగానే ఉంది. దాన్ని నింపే ఉద్దేశం లేదు. ఏదైనా డిస్కు మొరాయిస్తే, పాతది బతికుండగానే పక్కన కొత్తది పెట్టి ఎక్కించుకోవడానికి ఆ చోటు కావాలి.